సందు మలుపులో బదులు

మొన్న మధ్యాహ్నం భోంచేసి, బెంగళూరు శివారు హూడిలోని మా ఫ్లాటులో కునుకు తీస్తూ ఉంటే, ఆఫీసు పనిమీద ఫ్రాన్సుకు పోయిన మనవరాలు ఫోన్ చేసి, "తాతా, లియాన్‌లో ఉండా, నువ్వు ఎప్పుడూ చెప్తావే ఆ సందు, దాంట్లోనే నిలబడుండా" అంది. నా మత్తు సగం దిగింది.

ఆ సందు సంగతి చెప్పాలంటే ముందు మా పేట సంగతి చెప్పాలి. పాత బెంగళూరు పేటలో మాది మగ్గాల ఇల్లు. భుజాలు గోడలకు రాసుకునేంత ఇరుకు సందుల్లో, పట్టు పడుగు మోసుకొచ్చేవాళ్లు ఎదురెదురు పడితే పోగులు తెగి కొంప మునుగుతుందని, మలుపు దగ్గర "దారప్పా, దారి!" అని కేకేసేవాళ్లం. మగ్గం గుంటలో కూర్చున్న మా నాయన "రా అప్పా, ఖాళీగా ఉండాది!" అన్నాకే అడుగు ముందుకు వేసేది. ఆయన పోయేదాకా ఆ బదులు వినకుండా నేను ఇల్లు చేరిన రోజు లేదు.

ఆయన పోయిన మరుసటి ఏడే, నేను పనిచేసే పట్టుమిల్లువాళ్లు కొత్త యంత్రం పని నేర్చుకురమ్మని, అప్పటికింకా కుర్రవాడినైన నన్ను లియాన్ పంపినారు. రెండు నదుల నడుమ, గుట్ట మీదికి ఎగబాకిన ఊరు. చీరల్లో పూలు తేల్చే మన జకార్డు మగ్గానికి పుట్టిల్లు. మగ్గాలు పట్టాలని ఎత్తుగా కట్టిన ఇళ్లు, పట్టు వానకు తడవకూడదని ఆ ఇళ్ల కడుపులోంచే తొలిచిన చీకటి సందులు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రువుల కంటపడకుండా జనం వాటిల్లోనే తప్పించుకు తిరిగారట. పైకి చూస్తే అన్నీ మర్యాదగా మూసిన తలుపులే.

ఒక ఆదివారం వాన పట్టుకుంటే అలాంటి సందులో దూరాను. తడి రాతి వాసన, నేను ఆగినాక కూడా ఇంకాస్త నడిచి ఆగిన నా అడుగుల చప్పుడు. మలుపు రాగానే, పాడు అలవాటు, "దారప్పా, దారి!" అని నోరు జారింది. అవతల నుంచి, జీరబోయిన ముసలి గొంతు, చివర చిన్న దగ్గుతో, "రా అప్పా, ఖాళీగా ఉండాది!" అంది.

అమ్మమ్మా, ఒళ్లంతా జలదరించింది! పరుగున మలుపు తిరిగి చూస్తే ఖాళీ మెట్లు, చెమ్మ గోడ, నరమానవుడు లేడు. నాయనే వచ్చాడని అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ తర్వాత ఎంత కష్టమొచ్చినా, ఆఖరికి మా ఇంటిదాన్ని సాగనంపిన రోజు కూడా, మలుపు అవతల నాయన ఉన్నాడు, దారి చూసే పిలుస్తాడు అనుకునే బతుకు లాక్కొచ్చాను.

మొన్న మనవరాలు ఫోన్ స్పీకర్లో పెట్టి, నవ్వుతూ, "దారప్పా, దారి!" అని అరిచింది. సగం నిద్రలో ఉన్న నా నోరు ఆగలేదు. "రా అప్పా, ఖాళీగా ఉండాది!" అన్నాను, దగ్గు కూడా వచ్చింది. ఆ మాట అంత దూరం పోయి, ఆ రాతిగోడలకు కొట్టుకుని, మళ్లీ నా చెవిలో పడింది.

అదే జీర, అదే దగ్గు. ఆ ఆదివారం నేను విన్న గొంతు నాయనది కాదు, ఇప్పటి నాది.

ఇప్పుడు మా పేటలో మగ్గాలు లేవు, ఆ ఇళ్లన్నీ గోదాములైపోయాయి. ఇక్కడ ఫ్లాట్ల వరండాలో అడుగు పడితే దీపం దానంతటదే వెలుగుతుంది, ఎవరూ ఎవర్నీ కేకేసే పనిలేదు. అయినా నిన్న సాయంత్రం లిఫ్టు మలుపు దగ్గర ఆగి, మెల్లగా "దారప్పా" అన్నాను. దీపం ఆరిపోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాను. ఆ రోజు వానలో బిక్కుబిక్కుమంటున్న ఆ కుర్రవాడికి బదులివ్వడానికి నేనుండాను; మరి నాకెవరుండారప్పా?