మీసం మీద పందెం

పాత బీరువా బాగుచేయించుకున్న ముసలాయన, దాని సొరుగులో దొరికిన ఇత్తడి రేజరునూ బ్రష్షునూ వడ్రంగికే ఇచ్చేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు వడ్రంగి కాళ్లు నేలమీద లేవు. ఎప్పుడో ఒకసారి మంగలి దగ్గర కూర్చోవడమే తప్ప తన గడ్డం తాను గీసుకున్న మనిషి కాదు.

పొద్దున్నే కొత్త బ్లేడు బిగించి, సబ్బు రాసుకుని, చెక్కకు చిత్రిక పట్టినట్టు ఒత్తి లాగాడు. గడ్డమంతా గాట్లే. దూది అంటించుకుని టీ తాగడానికొచ్చిన అతణ్ణి చూసి, ఫోన్లు రిపేరుచేసే బావమరిది నవ్వాపుకోలేకపోయాడు.

"ముఖానిక్కూడా చిత్రిక పట్టావా బావా? నాలాగా గడ్డం గీసే మిషన్ కొనుక్కోరాదూ."

వడ్రంగికి రోషం పొడుచుకొచ్చింది. ఆదివారం అందరి ముందూ నెత్తురుచుక్క రాకుండా గీసుకుంటానన్నాడు. గీసుకుంటే తన మిషన్ అటకెక్కిస్తానని, చుక్క కనబడితే బావ మీసం తీసెయ్యాలని బావమరిది మెలిక పెట్టాడు. మీసమంటే వడ్రంగికి ప్రాణం. దానికోసం జేబులో వేరే దువ్వెన. అతని భార్య ఇద్దరికీ చీవాట్లు పెట్టింది గానీ, అప్పటికే చేతులు కలిపేసుకున్నారు.

గాట్లు మానేదాకా గడ్డం జోలికి పోలేదు. ఒక మధ్యాహ్నం పలకకు చిత్రిక పట్టబోతూ, అలవాటు చొప్పున వేళ్లతో చెక్క నార వాలు తడిమి చూశాడు. వాలుకు ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. చెయ్యి అక్కడే ఆగింది. పలక వదిలేసి గడ్డం తడుముకున్నాడు. బుగ్గమీద వెంట్రుకలు కిందికి దిగుతున్నాయి, దవడ కింద చెవివైపు తిరిగాయి, గొంతు దగ్గర ఏకంగా పైకి లేచాయి. ఇంత తిక్క చెక్క తన చేతికింద ఎప్పుడూ పడలేదు! సాయంత్రం రేజరు చేత్తో తూచి చూసుకున్నాడు. చిత్రికకైతే భుజబలం కావాలి. దీనికి దాని బరువే చాలు.

ఆదివారం వసారాలో అద్దం తగిలించాడు. వేణ్నీళ్లలో పిండిన తువ్వాలు ముఖాన కప్పుకుంటే ఒళ్లంతా వదులైంది. గిన్నెలో బ్రష్షు తిప్పేకొద్దీ సబ్బు ముందు బుడగలై, తర్వాత మీగడలా చిక్కబడింది. ఆ వెచ్చటి నురగ బుగ్గలకు పట్టిస్తుంటే పందెం సంగతే మరిచిపోయాడు. రేజరు వాలు వెంబడి సరసరమంటూ తనంతట తనే జారింది. దవడ కింద పక్కకు, గొంతు దగ్గర పైకి. బావమరిది ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా నిలబడి చూశాడు. కడిగి, తెల్లగుడ్డతో ఒత్తి చూపించాడు వడ్రంగి. గుడ్డ తెల్లగానే ఉంది.

"సరేలే, గెలిచావు," అన్నాడు బావమరిది.

వడ్రంగి నున్నటి బుగ్గ ఒకసారి, మీసం ఒకసారి తడుముకున్నాడు. గిన్నెలో ఇంకా నురగ మిగిలి ఉంది. బ్రష్షు ముంచి మీసానికి పట్టించాడు.

"గెలిచాక అదేంటి బావా!"

"ఓడితే నువ్వు తీయించేవాడివి. ఇది నా సరదా."

ముక్కు కింద తోలు బిగబట్టి, ఊపిరాపి, చిన్న చిన్న గీతలుగా దించాడు. ఒక్క గాటు లేదు. పెళ్లయ్యాక మొదటిసారి అతని పైపెదవి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భార్య లోపలికి పరుగెత్తింది.

ఆ పూటంతా వడ్రంగి మాటిమాటికీ గడ్డం తడుముకుంటూనే ఉన్నాడు, ఇంకా మొలవలేదేమిటా అని.