ఇద్దరికీ ఒక్కరే ప్లీడరు

ప్లీడరు గారు పోయారు. మంగళవారం మూడో పీరియడ్‌లో ఫోన్ మోగితే, క్లాసులో ఉంటానని తెలిసీ ఇన్నిసార్లు చేస్తారేమిటని విసుక్కుంటూ వరండాలోకి వచ్చి ఎత్తాను. మాకు ఇల్లు అమ్మిన రిటైర్డు నర్సమ్మ గారు. "టీచరమ్మా, మన ప్లీడరు గారు లేరు" అంది. "లేకపోతే సాయంత్రానికి వస్తారు లెండి" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. అవతల ఏడుపు వినబడ్డాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. రోలుగుంటలో ఎవరిదో స్థలం హద్దులు చూస్తూ చూస్తూ కూలబడిపోయారట. ముందురోజే కూరల బజారులో కనబడ్డ మనిషి! బెండకాయ కొస విరిచి చూసి "ముదిరిపోయినాయమ్మా, కొనకండి" అని నాకు చెప్పిన మనిషి! ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

మా నర్సీపట్నంలో ఇల్లు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి ఒకే ప్లీడర్ని పెట్టుకోవడం మామూలే. చెరొకర్ని పెట్టుకుంటే "ఏటి, అప్పుడే తగువా?" అంటారు. అలా జంటగా వచ్చేవాళ్ళు ఎక్కువగా ఈయన దగ్గరికే వెళ్ళేవారు. పద్నాలుగేళ్ళు అద్దె ఇళ్ళు మారి మారి విసిగిపోయిన మేమూ, నర్సమ్మ గారూ కలిసి అలాగే వెళ్ళాం. మొదటి రోజే ఆయన ఒక షరతు పెట్టారు. "నాకు క్లయింట్లు ఇద్దరు, నోరు ఒకటే. ఒకరు సెప్పింది రెండోవారికీ తెలియాల. 'ఈ మాట ఆళ్ళకి సెప్పకండి' అని ఎవరైనా అన్నారో, ఆ రోజుతో నేను ఇద్దరికీ సెల్లను, ఇద్దరి పనీ వదిలేస్తాను." నేను తలూపాను గానీ, సరిగ్గా విన్నానా అంటే లేదు. నా కళ్ళన్నీ ఆ ఇంటి మీదే ఉన్నాయి.

దస్తావేజు రాసిచ్చి చేతులు దులుపుకునే రకం కాదాయన. ప్రతి ముక్కా పైకి చదివి వినిపించేవారు. "తూర్పున" అని వస్తే తూర్పుకీ, "ఉత్తరాన" అని వస్తే ఉత్తరానికీ కుర్చీతో సహా తిరిగేవారు. నాకు నవ్వాగేది కాదు. "నవ్వండమ్మా, పర్లేదు. హద్దు తప్పితే ఏడవాల్సి వస్తాది" అనేవారు. చదవడం అయ్యాక అసలు తమాషా మొదలయ్యేది. కొనేవాళ్ళని అమ్మేవాళ్ళ కుర్చీలోకీ, అమ్మేవాళ్ళని కొనేవాళ్ళ కుర్చీలోకీ మార్చేవారు. "ఇప్పుడు కొనేది మీరే అనుకోండి. ఏటి అడుగుతారో అడగండి" అనేవారు.

మా వంతు వచ్చింది. నర్సమ్మ గారు నా కుర్చీలో కూర్చుంది. కాగితం వంక చూస్తూనే ఉంది గానీ ఒక్క మాటా అడగదు. "అడగండమ్మా" అన్నారాయన. ఆవిడ పెదాలు తడుపుకుని, "బాబూ, మీతో ఒక మాట. లోపలికి రండి" అంది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ బయటికి వచ్చారు. ఆయన ఫైలు మూసేశారు. "ఈ పని నేను సెయ్యలేను. సెరో ప్లీడర్ని పెట్టుకోండి. ఎందుకని మాత్రం నన్నడక్కండి" అన్నారు.

నా నోరు మంచిది కాదు, అది అందరికీ తెలిసిందే. వరండా నిండా జనం ఉన్నారని కూడా చూడకుండా, "లోపల ఏం బేరం కుదిరిందండీ? ఎంతకి అమ్ముడుపోయారు?" అనేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎండెక్కుతోందమ్మా, బేగి ఇంటికెల్లండి" అన్నారు, అంతే.

నేను ఊరుకోలేదు. స్టాఫ్ రూమ్‌లో చెప్పాను, టైలర్ షాపులో చెప్పాను, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఆ ప్లీడరు అవతలివాళ్ళకి అమ్ముడుపోతాడు, జాగ్రత్త అని. ఊరి నోరు మూయడానికి మూకుడుందా? ఆయన వరండాలో జంటగా వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చూసి సంతోషించాను కూడా.

మూడు వారాలకి నర్సమ్మ గారే మా ఇంటికి వచ్చింది. ఆ ఇల్లు వాళ్ళ నాన్నది. ఆయనకి తను ఒక్కర్తే అని అందరికీ చెప్పుకుంది. కానీ తండ్రితో గొడవపడి వెళ్ళిపోయిన తమ్ముడొకడు పాయకరావుపేటలో మెకానిక్కుగా ఉన్నాడు. ఇంట్లో వాడికీ వాటా ఉంది. "మీ కుర్సీలో కూకున్నాక, నన్ను నేనేటి అడగాలో నాకే తెలిసిపోయినాది తల్లీ. బాబుకి సెప్పీసినాను. మీకు సెప్పొద్దని నేనే బతిమాలినాను" అంది. ఆ రోజే రిజిస్ట్రేషన్ అయ్యుంటే, మా కష్టమంతా కోర్టు పాలయ్యేది. తమ్ముడు వచ్చాడు, సంతకం పెట్టాడు. వేరే ప్లీడర్లు రాసిన దస్తావేజుతో ఇల్లు మాదైంది. ఇవాళ మేం ఆ ఇంట్లో నిశ్చింతగా పడుకుంటున్నామంటే అది ఆయన చలవే.

మరి వెళ్ళి కాళ్ళ మీద పడ్డానా? లేదు. ఆయన ఒక్క మాట అంటే చాలు, తన పేరు దక్కేది. నర్సమ్మ గారి గుట్టు బయటపడుతుందని అనలేదు. నేనైనా ఊళ్ళో చెప్పొచ్చు కదా? బురద చల్లడానికి రెండు చేతులూ వచ్చాయి, కడగడానికి ఒక్కటీ రాలేదు. ఆదివారం వెళ్దాం, సెలవుల్లో వెళ్దాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను. మొన్న బెండకాయల దగ్గరైనా నోరు తెరిచుండాల్సింది.

మంగళవారం మధ్యాహ్నం నర్సమ్మ గారూ నేనూ కలిసే వెళ్ళాం. ఆయన భార్య పక్కన కూలబడి, "అమ్మా, ఆయన అమ్ముడుపోయారని ఊరంతా చెప్పింది నేనేనండీ" అన్నాను.

"తెలుసమ్మా" అందావిడ. "ఆ రోజు ఇంటికొచ్చి నాతో అన్నారు. 'ఎవరి మాటో నేను సెప్పకూడదు గానీ, టీచరమ్మ ఇయ్యాల గట్టిగా తిట్టింది. అంత కోపమొచ్చిందంటే ఆ మాట నా కడుపులోనే భద్రంగా ఉందన్నమాట' అని. ఆ పూట అన్నం బాగానే తిన్నారు కూడా."

నర్సమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో గేటు ముందు ఒక బండి ఆగింది. దాని మీద ఇద్దరు, వాళ్ళ మధ్య కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. మాకవరపాలెం నుంచట. జనాన్ని చూసి కబురు తెలియక తెల్లబోయారు. "ప్లీడరు గారున్నారాండి? మా ఇద్దరిదీ ఒకటే పని" అన్నాడు వెనకాయన, నన్నే చూస్తూ. ఊరంతా వాగిన నా నోటితోనే ఆ ఒక్క ముక్కా చెప్పాలి. వాళ్ళు బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. కవరు పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నారు.