అన్నం మీద నుంచి లేపని మనిషి

మొన్న శుక్రవారం సిత్రాలో ఒక పాత బిల్డింగు మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో ఎండు మెత్తళ్ళ పులుసు వాసన తగిలింది. వంకాయ వేసి పెట్టిన పులుసు. మెత్తళ్ళను ముందు మూకుడులో బాగా వేయించారు. ఆ వాసన చున్నీకి పట్టిందంటే ఒక ఉతుకుకు వదలదు. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి నాకు తెలియకుండానే దిగిపోయింది. మెల్లగా మెట్టు మీద కూర్చున్నాను. ఆ తలుపు వెనక సలోమి ఉంది. మా సంఘంలో పిల్లే. ఆదివారం దాని కేసు వాయిదా. దానికి జామీను ఉన్నది నేను. అది రాకపోతే స్టేషన్లో పెట్టిన నా పాస్‌పోర్టు తిరిగి రాదు. ఈ గల్ఫ్ దేశం విడిచి మా ఊరికి పోదామని కొనుక్కున్న టిక్కెట్టు చెత్తకాగితమవుతుంది. అన్నీ తెలిసే కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు నేర్పింది సత్తెయ్యన్న.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే సంఘంలో ఒక అమ్మాయి రాసిపెడుతోంది. సత్తెయ్యన్నను చూడనివాళ్ళకు ముందు ఆయన పనేమిటో చెప్పాలి. ఆయనది కరీంనగర్ వైపు. ఇక్కడ మనుషుల్ని సప్లై చేసే ఒక కంపెనీలో ఉండేవాడు. కంపెనీ మనిషి ఎవరైనా కేసులో ఇరుక్కుంటే స్టేషన్‌కు వెళ్ళి తన పాస్‌పోర్టు అక్కడ పెట్టి, జామీను ఉండి బయటికి తెచ్చేవాడు. వాయిదా రోజున ఆ మనిషిని తీసుకొచ్చి నిలబెట్టే పూచీ ఆయనదే. భయపడి పారిపోయినవాణ్ణి వెతికి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే, వాడు దొరికేదాకా సత్తెయ్యన్న కూడా ఈ దీవి దాటడానికి లేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అడుగుల చప్పుడు వినపడేది కాదు. జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. పొద్దస్తమానం నములుతూనే ఉండేవాడు. అది ఆయన అలవాటు అనుకున్నాను నేను.

ఆయన వెతికి పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, బుసైతీన్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఇంటామె ఉంగరం కనపడలేదు. కేసు నా మీద పెట్టారు. నన్ను పంపిన కంపెనీ తరఫున సత్తెయ్యన్న జామీను ఉండి బయటికి తెచ్చాడు. వాయిదా దగ్గర పడింది. జైల్లో వేస్తే నా పిల్లలేమైపోతారని సిత్రాలో తెలిసినామె గదిలో దాక్కున్నాను. ఒక మధ్యాహ్నం అన్నం తిని, చేప ముళ్ళు బయట పడేద్దామని తలుపు తీస్తే మెట్టు మీద ఈయన.

"ఎప్పుడొచ్చావన్నా?"

"నువ్వు అన్నంల చెయ్యి పెట్టినప్పుడే వచ్చిన చెల్లె. తిన్నవా?"

"తిన్నాను."

"కడుపునిండ తిన్నవా?"

తల ఊపాను.

"అయితె చెప్పులేస్కో, పోదాం."

"నన్ను జైల్లో వేస్తారన్నా."

"ఎయ్యరు. ఏస్తె నా పాస్‌పోర్టు గూడ ఆడనే ఉన్నది గద, ఇద్దరం ఒక్కకాడనే ఉందాం."

ఏడుస్తూనే నవ్వు వచ్చింది నాకు. కోర్టు బయట ఆ పూటంతా నా పక్కనే నిలబడ్డాడు. తరువాత ఆ ఉంగరం వాళ్ళమ్మాయి పౌడరు పెట్టెలో దొరికింది, కేసు పోయింది. నన్నెలా పట్టుకున్నావన్నా అని అడిగితే, "కోల్డ్ స్టోర్ దుకాణం భాయ్‌ని అడిగిన. ఎవరో కొత్తామె వచ్చి ఎండు మెత్తళ్ళు ఉన్నయా, ఎండు మెత్తళ్ళు ఉన్నయా అని పానం తీస్తుందని చెప్పిండు" అన్నాడు. ఆయన వెతికే పద్ధతే అది. మనిషి పేరు మార్చుకుంటాడు, ఫోన్ నంబరు మార్చుకుంటాడు, కూర మార్చుకోలేడు అనేవాడు. వీధి చివర చిన్న కొట్లలో చింతపండు ఎవరు కొంటున్నారో, గోంగూర పచ్చడి ఎవరు అడుగుతున్నారో కనుక్కుంటే చాలు, బిల్డింగు తెలిసిపోయేది. ఆడవాళ్ళ గదుల్లోకి ఆయన వెళ్ళలేడు కాబట్టి ఒక ఆడమనిషి కావాలని కంపెనీలో చెప్పి నన్ను పెట్టించాడు.

అస్కర్‌లో కూలీలుండే క్యాంపుకు మేమిద్దరం వెళ్తే కుర్రాళ్ళు ఎగతాళి చేసేవారు. "జామీను సత్తెయ్య వచ్చాడ్రోయ్! చెప్పులు లోపల పెట్టుకోండి!" అని ఒకడు అరిచేవాడు. "చెప్పులు దాస్తవు సరే, నీ కూర వాసన ఏడ దాస్తవ్ రా?" అని ఈయన. క్యాంపంతా గొల్లుమనేది. వెనక మాత్రం వేటకుక్క అనేవాళ్ళు. ఆయనకు తెలుసు. "అననియ్యి చెల్లె, కుక్కయితేంది, కరువలేదు గద" అనేవాడు.

తలుపు ఎందుకు కొట్టడో ఒకసారి చెప్పాడు. కొత్తలో ఒకణ్ణి కంచం ముందు నుంచి రెక్క పట్టి లేపుకొచ్చాడట. "చెయ్యి కడుక్కోనియ్యలే నేను. పొద్దుమీకిదాక మెతుకులు చేతికి ఎండిపోయి ఉన్నయి. గోటితోని గీక్కుంట కూసున్నడు. మొఖం మర్షిపోయిన గని ఆ చెయ్యి మరువలే" అన్నాడు. ఆ తరువాత ఎవరినీ అన్నం మీద నుంచి లేపలేదు.

ఏసుపాదం సంగతి ఇప్పుడు చెప్పాలి. మా గోదావరి వైపు పిల్లాడు, క్యాంపులో తాగి ఒకడి తల పగలగొట్టాడు. సత్తెయ్యన్న జామీను ఉన్నాడు. అదే నెలలో ఊళ్ళో రాజవ్వ వదినకు, అంటే సత్తెయ్యన్న భార్యకు, కిడ్నీలు పూర్తిగా పోయాయి. ఎక్కువ రోజులు ఉండదని ఆసుపత్రిలో చెప్పేశారు. ఏసుపాదం వాయిదా అవ్వగానే పాస్‌పోర్టు తీసుకుని, మర్నాడే విమానం ఎక్కాలని సత్తెయ్యన్న టిక్కెట్టు కొన్నాడు. ఏసుపాదం మాయమైపోయాడు.

సిత్రాలోనే దొరికాడు. ఇలాంటి బిల్డింగే, ఇలాంటి మెట్లే. లోపల కంచం చప్పుడు వినిపిస్తోంది. నేను తలుపు దగ్గరికి ఉరికాను. సత్తెయ్యన్న నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అన్నా, ఈ ఒక్కసారికి కొట్టన్నా. అక్కడ వదిన ఎదురుచూస్తోంది."

"రాజవ్వ గూడ గిదే అంటది. బుక్కెడు తిననియ్యి చెల్లె."

కూర్చున్నాం. ఆయన సోంపు నములుతున్నాడు. కంచం చప్పుడు ఆగింది. కొళాయి తిప్పిన చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు. తలుపు కొట్టాం, పలకలేదు. పక్కగదివాళ్ళు వచ్చి తీయించారు. వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. పైపు పట్టుకుని దిగిపోయాడు. కంచం మాత్రం తుడిచినట్టు ఖాళీగా ఉంది. నేను నెత్తి కొట్టుకుని ఏడుస్తుంటే సత్తెయ్యన్న ఆ కంచం వైపే చూస్తూ నిలబడి, "తిన్నడు గద" అన్నాడు. అంతే అన్నాడు.

ఏసుపాదం దొరకలేదు. రాజవ్వ వదిన పోయింది. మట్టి చేస్తుంటే ఊరివాళ్ళు ఫోన్లో చూపించారు. సత్తెయ్యన్న కారులో కూర్చుని చూశాడు. ఎండకు ఫోన్ కనపడటం లేదని నా చున్నీ అడిగి ముసుగులా వేసుకున్నాడు. ఆ ముసుగు కింద నుంచి, "జర మొఖం దిక్కు తిప్పు బిడ్డా, జర మొఖం దిక్కు" అని ఎవరినో బతిమాలడం విన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవిలోంచి పోదు.

కొన్నాళ్ళకు మళ్ళీ పనిలోకి వచ్చాడు. మళ్ళీ ఒక తలుపు, లోపల మళ్ళీ కంచం చప్పుడు. ఈసారి కొడతాడనుకున్నాను. మెట్టు తుడుచుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు కోపం రాదా అన్నా?" అన్నాను.

"వస్తది చెల్లె. మస్తు వస్తది. గని ఈడెవడో వేరేటోడు. ఈని ఆకలి ఈనిది."

ఏసుపాదం ఎప్పటికో దొరికాడు. పాస్‌పోర్టు చేతికి వచ్చిన వారంలోనే సత్తెయ్యన్న ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పోయిన ఎండాకాలం ఆయన కూడా పోయాడని ఎవరో చెబితే తెలిసింది. ఆ రోజు నేను నా చెయ్యి విదిలించుకుని తలుపు కొట్టి ఉంటే ఆయన రాజవ్వ మొహం చూసేవాడు. ఇన్నేళ్ళుగా ఆ తలుపును మనసులో కొడుతూనే ఉన్నాను. అయినా మొన్న శుక్రవారం అలాంటి మెట్టు మీదే అలాగే కూర్చున్నాను. ఆయన మంచితనం నాకు పూర్తిగా అబ్బలేదు. చెవులు రెండూ వంటింటి కిటికీ మీదే పెట్టుకుని కూర్చున్నాను.

కొళాయి చప్పుడు ఆగింది. తలుపు తీసుకుని సలోమి బయటికి వచ్చింది, చెయ్యి ఇంకా తడిగానే ఉంది. నన్ను చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంతసేపైంది పిన్నీ వచ్చి?"

"ఇప్పుడే. తిన్నావా?"

"తిన్నాను." కళ్ళు దించుకుంది. "పారిపోదామనే వచ్చాను పిన్నీ. వస్తాలే. వస్తాను." తరువాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "మరి నువ్వు తిన్నావా?" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. ఎన్ని మెట్ల మీద కూర్చున్నాడో ఆ మనిషి, ఎంతమంది తినేదాకా కాచుకున్నాడో. ఆ మాట ఆయన్ని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సోంపు అలవాటు కాదని, ఆకలి అని, ఆ మెట్టు మీద అప్పుడు తెలిసింది నాకు. సలోమి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కంచం పెట్టింది. తిన్నాను. నేను తినేదాకా అది గుమ్మంలోనే కూర్చుంది.