యోహాను చుట్టుబాట

వికారాబాదు నుంచి తాండూరు దిక్కుగా గుట్టల నడుమ ఈతవనాలు ఎంతదాకా ఉన్నాయో, ఆబ్కారీ జవాను యోహాను సైకిలు అంతదాకా తిరిగింది. ఎర్ర మొరం మీద చక్రం ఎక్కడ జారుతుందో, ఏ ఎక్కుడులో లేచి నిలబడి తొక్కాలో, ఏ వాగు దగ్గర సైకిలును భుజాన వేసుకోవాలో అతనికి కొట్టినపిండి. ఏటా వేల కల్లుచెట్లు లెక్క చూసే ఆ మనిషి జన్మలో చుక్క కల్లు ముట్టలేదు. "దేవుడు నాకు గీ నౌకరి ఇచ్చి నవ్వుకుంటున్నడు" అనేవాడు భార్య భాగమ్మతో.

పన్ను కట్టిన చెట్టుకు సర్కారు నంబరు వేస్తుంది. నంబరు లేని చెట్టుకు కల్లు లొట్టి వేలాడుతూ కనిపిస్తే గీసినవాణ్ణి పట్టుకోవాలి. అదే అతని పని. యోహాను సీదా బాట వదిలి గుట్టెక్కి వనాల్లో దిగుతాడని తెలిసి పైవాళ్లు మెచ్చుకున్నారు. దొంగలను వెనక నుంచి పట్టడానికే అంత కష్టపడుతున్నాడని వాళ్ల నమ్మకం. మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా కుర్చీల్లో కూర్చునే ఉంటారు కదా, గుట్ట ఎందుకెక్కావని ఒక్కరూ అడగలేదు.

అసలు సంగతి ఇది. సీదా బాట ఎర్రగట్టుపల్లె నడివీధిలోంచి పోతుంది. ఆ వీధిలో దొర ఉండే కోటలాంటి గడి ఉంది. గడి ముందు చెప్పులు చేతబట్టుకోవాలి. సైకిలు ఉన్నవాడు దిగి నడిపించుకుంటూ పోవాలి. యోహాను పుట్టింది ఆ ఊరి మాదిగవాడలోనే.

నలభై ఏడులో, మిషను బడిలో చదువు ముగించుకొని, పాదిరిగారి సైకిలు అడిగి తెచ్చుకుని తల్లిని చూడ్డానికి వచ్చాడు. గడి ముందు దిగడం మరిచాడు. మరిచానని అతనంటాడు గానీ దిగబుద్ధి కాలేదని నా అనుమానం. దొర మనుషులు ఆ సైకిలు అతని నెత్తికెత్తి, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు మూడుసార్లు నడిపించారు. కలుపు తీసి వస్తున్న తల్లి చూసింది. చూసి, తల వంచుకొని పక్క సందులోకి వెళ్లిపోయింది. సైకిలు బరువు వారంలో మరిచాడు. తల్లి తల వంచడం మాత్రం మరవలేకపోయాడు.

మరుసటి ఏడు నిజాం రాజ్యం పోయింది. జాగీర్లు పోయాయి. యాభై రెండులో యోహానుకు ఖాకీ బట్టలు, ఇత్తడి బిళ్ల, నౌకరీ వచ్చాయి. మొదటిసారి పనిమీద బయలుదేరి ఎర్రగట్టుపల్లె పొలిమేరలో సైకిలు ఆపుకొని చాలాసేపు నిలబడ్డాడు. దిగితే తల్లి ముఖం కళ్లముందుకు వస్తుంది. దిగకపోతే ఏం జరుగుతుందో తెలియదు, కొత్త నౌకరీ. చివరికి హ్యాండిలు గుట్టవైపు తిప్పాడు. ఆరు మైళ్లు ఎక్కువ, అంతా గులకరాళ్లు.

అలా ఆరేళ్లు. నేను ఎవడి ముందూ దిగలేదు అని లోలోపల అతనికి గర్వం కూడా ఉండేది. తల్లిని వికారాబాదుకు తెచ్చుకున్నాడు, ఆమె అక్కడే కన్నుమూసింది. ఇంట్లో ఎవరైనా ఎర్రగట్టుపల్లె పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. దాంతో ఆ ఊరి కబురు అతని చెవిన వేయడం అందరూ మానేశారు.

యాభై ఎనిమిది చలికాలంలో ఒక పొద్దున, ఊరికి అవతలి వనంలో కల్లుగీసే ఈడిగ బాలప్ప చెట్టు మీంచి పడ్డాడు. అప్పుడే గుట్ట దిగివచ్చిన యోహాను పరుగెత్తాడు. బాలప్ప కుడిచెయ్యి విరిగి వేలాడుతోంది, తల పగిలి నెత్తురు ఆగడంలేదు. మామూలు రోజుల్లో బాలప్ప ఇతనికి మంచినీళ్లు కూడా ఎత్తునుంచి దోసిట్లో పోసేవాడు. ఆ రోజు యోహాను తలగుడ్డ చింపి అతని తలకు కట్టాడు. సైకిలు వెనక కూర్చోబెట్టాడు గానీ బాలప్పకు పట్టుకునే చెయ్యి లేదు. చెట్టెక్కే మోకుతోనే ఇద్దరి నడుములూ కలిపి కట్టేశాడు.

"గుట్ట మీదికెల్లి వద్దు యోహాను" అన్నాడు బాలప్ప మూలుగుతూ. "నా పానం ఆగది. ఊర్లకెల్లి పో."

యోహాను హ్యాండిలు ఊళ్లోకి తిప్పాడు. గడి ఉన్న వీధిలో అతను ముందుచక్రం తప్ప దేన్నీ చూడలేదు. ఎవరో వెనక నుంచి కేకేసినట్టే అనిపించింది. దిగాలన్నా దిగలేడు, వీపుకు కట్టిన మనిషి ఉన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

వికారాబాదు దవాఖానలో కుట్లు వేసి, చేతికి కట్టు కట్టి, బతుకుతాడు అన్నారు. మంచం మీద నుంచి బాలప్ప పిలిచాడు.

"ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకు. గడిల ఎవ్వరు లేరు. దొర పట్నం పోయి నాలుగేండ్లాయె. దర్వాజకు తాళమే."

"మరి గిన్నొద్దులు నాకెందుకు చెప్పలే?" అన్నాడు యోహాను.

"చెప్తే నువ్వు సీదా వస్తవు. గుట్ట మీదికెల్లి అయితే నీ సైకిల్ మైలు దూరంకెల్లి కనవడ్తది. నువ్వు దిగి వచ్చేసరికి నంబర్ లేని చెట్లకు లొట్లు దించుకుంటుంటిమి."

ఇంకో జవానయితే దొంగ చెట్ల మాట విని మండిపడేవాడు. యోహానుకు వాటి ఊసే పట్టలేదు. నాలుగేళ్లు తాళం వేసిన ఇంటికి భయపడి గుట్టలెక్కాను అన్న మాటే గుండెలో కలుక్కుమంటోంది. సిగ్గేసింది. ఆరేళ్ల గర్వం నీరుగారిపోయింది.

మధ్యాహ్నం తిరిగి పనిలోకి బయలుదేరినప్పుడు గుట్టవైపు చూడనైనా చూడలేదు. ఇవాళ దర్జాగా ఆ వీధిలోంచి పోతాను అనుకుంటూ తొక్కాడు. ఎర్రగట్టుపల్లె వచ్చింది. గడి వచ్చింది. గోడల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. వాకిట్లో మేక పడుకుని నెమరేస్తోంది. తలుపుకు పెద్ద తాళం, తాళంచెవి దూర్చే రంధ్రం నిండా తుప్పు. ఆ తుప్పు ఇంత దగ్గరగా ఎలా కనిపిస్తోందా అని కిందికి చూసుకున్నాడు. రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయి. చేతిలో సైకిలు ఉంది. ఎప్పుడు దిగాడో అతనికే తెలియదు.

ఎదురింటి అరుగు మీద కందులు చెరుగుతున్న ముసలి ఎంకమ్మ చేట ఆపింది.

"లోపల ఎవ్వరు లేరు గద కొడుకా, ఎవ్వరి కోసం దిగినవ్?"

"తెల్వదు పెద్దమ్మ."

"నువ్వొక్కనివే గాదు. వచ్చిపోయెటోళ్లందరు దిగుతనే ఉన్నరు. చూసి చూసి నాకే నవ్వొస్తది."

యోహాను నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాకీ చొక్కా చేతితో తుడుచుకుని, సైకిలు వెనక్కి తిప్పి, వచ్చిన దారినే నడవసాగాడు.

"మల్ల ఎనకకు పోతున్నవేంది? ఏమన్న మర్చిపోయినవా?"

"లేదు పెద్దమ్మ. దిగిన కాడ దిగకుంట మల్ల తొక్కాలె."

వీధి మొదటిదాకా వెళ్లాడు. సైకిలెక్కాడు. గడి దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వణికాయి. వణుకుతూనే తొక్కాయి.