పెత్తనాలమ్మకు నట్టల మందు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. బస్సు డ్రైవరు. రోజంతా జనం కేకలూ హారన్లూ విని ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగలవు. పిల్లలకు జ్వరమొస్తే మందు పోసేది నేను, చెంచా కడిగి పెట్టేది ఆయన. ప్రేమ లేక కాదు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక.

అలాంటి మనిషికి ఒక కోడి దొరికింది. ఎవరో బస్సులో వెనక సీటు కింద ఒక అట్టపెట్టె మర్చిపోయారు, దాన్నిండా కోడిపిల్లలు. డిపోలో అప్పగిస్తే అడగడానికి ఎవరూ రాలేదు. చివరికి ఈయనే ఇంటికి మోసుకొచ్చారు. వాటిలో బతికి బట్టకట్టింది ఒక్కటే. దానికి తోడుగా తర్వాత ఇంకో నాలుగు కొన్నాం గానీ ఇల్లు మాత్రం దానిదే. వంటింట్లోకి వస్తుంది, బట్టల బకెట్టు ఎక్కుతుంది, మిగతా కోళ్లను గింజల దగ్గరికి రానివ్వదు. అందుకే పెత్తనాలమ్మ అని పేరు పెట్టాను. పొద్దున్నే ఆయన పెరటి మెట్టు మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటుంటే పక్కనే నిలబడుతుంది. నాతో ఆడని మాటలన్నీ దానితో ఆడతారు. ఉన్నమాట చెప్పాలంటే నాకు కుళ్లుగానే ఉండేది.

ఆ పెత్తనాలమ్మ ఉన్నట్టుండి డీలా పడింది. గుడ్లు మానేసింది. నెత్తి మీది ఎర్రటి జుట్టు పాలిపోయింది. తిండి మాత్రం మానలేదు, కానీ ఎత్తి చూస్తే ఎదురొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. ఆదివారం మా అన్నయ్యా వదినా భోజనానికి వస్తున్నారు.

"ఇది ఎలాగూ దక్కేలా లేదు. చచ్చి ఎవరికీ కాకుండా పోయే బదులు ఆదివారం కూర వండేస్తాను," అన్నాను.

"జబ్బు కోడిని తింటారా ఎవరైనా?" అన్నారాయన.

"దిగులు పడిందంతే. జబ్బని ఏ డాక్టరు చెప్పాడు?"

ఆయన శనివారం సెలవు పెట్టారు. మా పెళ్లిరోజుకు కూడా సెలవు పెట్టని మనిషి! కోడిని కూరగాయల సంచిలో కూర్చోబెట్టి, తల బయటికి ఉంచి, పశువుల ఆసుపత్రికి బస్సెక్కారు. "అన్నా, సంచిలో ఉన్నావిడకు టికెట్ కొట్టమంటావా?" అని కండక్టరు వేళాకోళమాడాడట. ఈయన నిజంగానే డబ్బులు తీశారట.

నేను ఉల్లిపాయలు తరుగుతుండగా తిరిగొచ్చారు.

"కడుపులో నట్టలట," అన్నారు. "పేగుల నిండా పురుగులే. తిన్నదంతా అవే తినేస్తున్నాయి. మందు వేయించాను. మిగతా కోళ్లక్కూడా ఇచ్చారు. గూడంతా కడగాలి."

"సరే, రేపటి సంగతేంటి?"

"మందు పడ్డాక రెండు వారాలు దీన్ని కొయ్యకూడదు. గుడ్లు పెట్టినా తినకూడదు."

ఒంటికాలి మీద లేచాను. "ఆ ముక్క మందు వేయించక ముందు తెలిసిందా, వేయించాక తెలిసిందా?"

ఆయన సంచి మడతపెడుతూ, "ముందే చెప్పారు డాక్టరమ్మ. ఇంటికెళ్లి వెయ్యండి అన్నారు. అక్కడే వెయ్యమన్నాను," అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఈయన ఇంత గడుసువాడని ఆ రోజే తెలిసింది. నవ్వు ఆపుకోలేకపోయాను.

కానీ ఆదివారం తెల్లారేసరికి కోడి లేవలేదు. కింద తెల్ల దారం ముక్కల్లా పురుగులు పడి ఉన్నాయి. అది మాత్రం మెడ వాల్చేసి కళ్లు మూసుకుంది. నీరసపడుతుందని డాక్టరమ్మ ముందే అన్నారట, నీళ్లు పట్టిస్తూ ఉండమన్నారట. ఆయనకు డ్యూటీ తప్పదు. డ్రాపరు నా చేతిలో పెట్టి, దాని వంక ఒకసారి చూసి వెళ్లిపోయారు. ఆ ముఖం చూశాక నాకు కుళ్లూ లేదు, కోపమూ లేదు. ఇది పోతే ఆయన ఇక ఎవరితో మాట్లాడతారన్న భయం ఒక్కటే మిగిలింది.

పొద్దంతా చుక్క చుక్కగా నీళ్లు పట్టాను. అన్నయ్య వచ్చి, "ఏమ్మా, మా కూరకు నువ్వు నీళ్లు తాగిస్తున్నావా?" అన్నాడు. "దాని జోలికొచ్చావంటే ఊరుకోను," అని అరిచాను. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాపం, వాళ్లిద్దరూ ఆ పూట వంకాయ కూరతో సరిపెట్టుకున్నారు.

వాళ్లు వెళ్లాక చూస్తే అది కళ్లు తెరిచి ఉంది. పిండి తడిపి పెట్టాను. ఒకసారి పొడిచింది. ఇంకోసారి పొడిచింది. తర్వాత కాళ్లు కూడదీసుకుని లేచి, నా గాజు మీద టక్కున ఒక పోటు పొడిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఆయన వచ్చారు గానీ లోపలికి రాలేదు. పెరటి తలుపు అవతలే నిలబడ్డారు.

"ఉందా?"

"ఉంది. రండి. పొద్దుట్నుంచీ నా మీద పెత్తనం చేస్తోంది."

లోపలికొచ్చి, యూనిఫాంతోనే దాని పక్కన నేల మీద చతికిలపడ్డారు. చాలాసేపు దాని వీపు నిమిరారు. తర్వాత, మొదటిసారిగా తన రోజు సంగతి దానితో కాకుండా నాతో అన్నారు.

"ఇవాళ రెండు స్టాపుల్లో బండి ఆపడం మర్చిపోయాను."

"అయ్యో, తిట్టారా?"

"బాగా తిట్టారు," అని, పడీ పడీ నవ్వారు.