రాజమణిని ఎత్తుకున్న అమ్మ

మాణిక్యమ్మ ముఖం నిండా స్ఫోటకం మచ్చలే. చిన్నప్పుడు అమ్మవారు పోస్తే బతికి బయటపడ్డ మనిషి. లాల్‌దర్వాజాలో వాళ్ళ సందుకు కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళెవరైనా ఆ మచ్చల వంక జాలిగా చూశారా, అయిపోయారే! "ఏంది గట్ల సూస్తున్నవ్? అమ్మ ముద్దు పెట్టుకున్న మొకం ఇది. నీది ఉత్త మొకం" అనేది.

ఆ మచ్చలే ఆమెకు సందులో పెద్దరికం తెచ్చిపెట్టాయి. ఒకసారి పోసినవాళ్ళకు అమ్మ మళ్ళీ పోయదు. అందుకని ఏ ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చి ఒళ్ళు పొక్కినా ముందు మాణిక్యమ్మకే కబురు వచ్చేది. పోతూనే గుమ్మానికి వేపమండ కట్టేది. పొయ్యి మీద పోపు వేయనిచ్చేది కాదు, ఇంట్లో గొంతు పెంచనిచ్చేది కాదు. "సుట్టం ఇంట్ల ఉంటే గిట్ల లొల్లి చేస్తరా?" అని మగవాళ్ళను కూడా కసిరేది. అమ్మ ఆమెకు నిజంగానే చుట్టం. వచ్చినామెను చల్లగా చూసుకోవాలి, చల్లగా సాగనంపాలి. పిల్ల లేచి కూర్చున్న రోజున పసుపు, వేపాకు వేసిన నీళ్ళతో స్నానం చేయించేది. పెరుగన్నం కలిపించి, ఆ ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని సందు చివర వేపచెట్టు కింద ఉన్న పోచమ్మ రాయి దగ్గరికి తీసుకుపోయేది.

పిల్లలందరూ లేచి కూర్చోలేదు. ఆమె కన్నకూతురు రాజమణే లేవలేదు. అప్పుడప్పుడే రెండు జడలకు జుట్టు అందుతున్న పిల్ల. ఎందరి పిల్లలనో లేపిన చేతులు సొంత బిడ్డ దగ్గర ఓడిపోయాయి. ఆమె భర్త సోమయ్య బస్సు డిపోలో మెకానిక్కు. ఆనాటి నుంచి అతను ఆ రాయి ఛాయలకు పోవడం మానేశాడు. మాణిక్యమ్మ మాత్రం ఏడ్చి ఏడ్చి, ఒకనాడు కళ్ళు తుడుచుకుని, తనకు తానే ఒక మాట చెప్పుకుంది. అమ్మకు పోరి నచ్చింది, ఎత్తుకుపోయింది. ఎత్తుకున్న పిల్లను అమ్మ కిందికి దించదు. ఆ ఒక్క మాట మీద ఆమె మళ్ళీ అన్నం తిన్నది, మళ్ళీ నవ్వింది, మళ్ళీ నల్లా దగ్గర బిందెల కోసం పోట్లాడింది.

తర్వాత టీకాల రోజులు వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి చిన్నా పెద్దా అందరి చేతులకూ గీశారు. డెబ్భైల నడుమకు వచ్చేసరికి కబుర్లు తగ్గాయి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. కబురు రాకపోయినా వేణుగోపాల్ వచ్చేవాడు. మహంకాళి గుడి పూజారుల ఇంటి పిల్లవాడు, ఆరోగ్యశాఖలో ఉద్యోగం. స్ఫోటకం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని ఇల్లిల్లూ వాకబు చేయడం అతని పని. సంచిలోంచి ఒక అట్ట తీసి చూపించేవాడు. దాని మీద ఒళ్ళంతా పొక్కిన పసిబిడ్డ ఫొటో ఉండేది. "ఇట్ల ఎవరికన్న వచ్చిందా, మాణిక్యమ్మా?" అని అడిగేవాడు. ఆమె ఆ అట్టను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకునేది. మొదటిసారి అతను బిత్తరపోయాడు. తర్వాత అలవాటు పడి, తనే ముందు ఆమె చేతికిచ్చి ఆగేవాడు.

"రాలేదు బిడ్డా" అనేది ఆమె.

"మంచిదే కదా?"

"మంచిదే" అనేది. అతను పోయాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చునేది.

ఒకనాడు వేణుగోపాల్ మస్తు సంబరంగా వచ్చాడు. "ఇగ ఈ ఫొటో తెచ్చుడు బంద్, మాణిక్యమ్మా. మీ అమ్మవారు దేశం ఇడిచిపెట్టి పోయింది."

"ఏడికి పోయింది?"

"ఏడికో పోవుడేంది? లేదు, అంతే. జనం భయపడ్డన్ని దినాలు ఉన్నది. తలుచుకునేటోళ్ళే లేకుంటే ఏ దేవుడైనా ఎట్ల ఉంటడు చెప్పు?"

మాటవరసకు అన్నాడు. ఆమె ఇచ్చిన చాయ్ తాగాడు, సైకిలెక్కి పోయాడు. చెడ్డవాడు కాదు పాపం. ఆ మాట పోయి ఎక్కడ తగులుతుందో అతనికేం తెలుసు!

ఆ పూట మాణిక్యమ్మకు ముద్ద దిగలేదు. అమ్మ లేకపోతే రాజమణి ఎవరి చంకన ఉన్నట్టు? ఒక్కతే ఎక్కడ నిలబడి ఉన్నట్టు? వంటింట్లోకి పోయి చెంబు తెమ్మంటే కూడా తోడు రమ్మనే పిల్ల అది.

పోయి రాయిని చూసింది. పసుపు వెలిసిపోయి ఉంది. బోనాలకు ఊరు ఊరంతా మహంకాళి గుడికి కదులుతుంది గానీ, సందు చివరి రాయిని ఎవరు పట్టించుకుంటారు? ఇక అప్పటి నుంచి ప్రతి ఆదివారం తనే పెరుగన్నం పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కదాని ముద్ద చాలుతుందో లేదోనని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను బతిమాలింది. "ఇప్పుడు ఎవరికి పోసిందని?" అని నవ్వారు వాళ్ళు. ఇంట్లో సోమయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. "రాయికి ఆకలైతదా? మంచిగ ఉప్పేసి నాకు పెట్టు, నేను తింట" అని ఎకసెక్కాలు. ఆమె గిన్నె కొంగు చాటున పెట్టుకుని నడిచేది. పోరి సంగతి ఆయనతో ఎట్లా ఎత్తేది?

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున నాలుగిళ్ళ అవతలి ఆండాలు ఉరుక్కుంటూ వచ్చింది. సందుకు కొత్తగా అద్దెకొచ్చిన కుటుంబం వాళ్ళది, సుగుణ అని ఒక్కతే కూతురు. "పెద్దమ్మా, జల్ది రా! మా సుగుణకు ఒళ్ళంత పొక్కింది. అమ్మ పోసినట్టున్నది."

మాణిక్యమ్మ గుండె ఎగిరింది. దాచేదేముంది, అది సంతోషమే! పండగ వచ్చినంత సంతోషం. వచ్చింది! ఉన్నది! ఎక్కడికీ పోలేదు! కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. దారిలో ఒక వేపమండ విరిచి, ఆ పిల్ల పక్కన కూలబడి, ముడిచిన పిడికిలి విప్పి చూసింది. పెద్దమ్మవారు పోస్తే అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా గట్టి పొక్కులు లేస్తాయి. పిల్ల అరచెయ్యి నున్నగా ఉంది. రెండో చెయ్యి విప్పింది. అదీ నున్నగానే ఉంది. పొట్ట మీద, వీపు మీద నీటిపొక్కులు. ఆటలమ్మ. పిల్లలకు వచ్చిపోయేదే. అయినా ఆమె చేతులు ఊరుకోలేదు. దుప్పటి తొలగించి అరికాలు పట్టుకున్నాయి.

"ఏంది పెద్దమ్మా? మాట్లాడవేంది? నా బిడ్డ బతుకుతదా?"

మాణిక్యమ్మ తలెత్తింది. ఆండాలు కళ్ళల్లో ప్రాణం లేదు. ఒకనాడు తన ముఖం కూడా అచ్చం అట్లాగే ఉండి ఉంటుంది. ఆ తల్లి బిడ్డ బతకాలని చూస్తుంటే, తనేమో అరికాలిలోనైనా ఒక పొక్కు దొరక్కపోతుందా అని వెతుకుతోంది. ఛీ! తనేనా? రాజమణిని కన్నది తనేనా?

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అంది, పిల్లకు దుప్పటి కప్పుతూ. "ఆటలమ్మ. నాలుగు దినాలల్ల లేసి ఉరుకుతది."

ఆండాలు ఆమె చేతులు పట్టుకుని బోరున ఏడ్చింది. మాణిక్యమ్మ మెల్లగా చేతులు విడిపించుకుని బయటికొచ్చి, సరాసరి రాయి దగ్గరికి పోయి నిలబడింది.

"ఎంత పని చేయిస్తివే అమ్మా నాతోటి! ఇంకో తల్లి బిడ్డ ఒంటి మీద నిన్ను ఎతికిన. వద్దు తల్లీ. నువ్వు రాకు. ఎవరింటికీ రాకు. ఆకలైతే నేను పెడ్త. ఎవరూ నమ్మకుంటే మానె, నేను నమ్ముత. కానీ నా పోరిని మాత్రం కింద దించకు." అని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వెనక అలికిడైంది. డిపో నుంచి రాత్రి డ్యూటీ దిగి వస్తున్న సోమయ్య, ఒంటి మీద గ్రీసు మరకల ఖాకీ బట్టలతోనే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. వెక్కిరిస్తాడేమో, ఈ ఒక్కసారి ఊరుకునేది లేదు అనుకుందామె. అతను పోయి నల్లా నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ రాయి ముందు గొంతుక్కూర్చుని, చేత్తో రుద్ది రుద్ది కడిగాడు. రాయి శుభ్రమయ్యాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

"మాణిక్యం" అన్నాడు చివరికి, తల తిప్పకుండానే. "మనం ఉన్నన్ని రోజులు మనం పెడ్తం. బాగనే ఉన్నది. మనమిద్దరం పోయినంక అమ్మకు ఎవరు పెడ్తరే? తలుచుకునేటోళ్ళు లేక అమ్మ లేకుంట పోతే, అప్పుడు పోరి..." చెంబులో మిగిలిన నీళ్ళు రాయి మీద ఒంపేశాడు.

మాణిక్యమ్మ నోరు తెరుచుకుని చూసింది. రాయికి ఆకలేంటని ఇన్నాళ్ళూ ఎకసెక్కాలాడిన మనిషేనా! తను పడుతున్న దిగులే అతనూ లోపల్లోపల పడుతున్నాడా! ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నీకేమన్న పిచ్చా అయ్యా? మనం పోయినంక ఇగ అమ్మతోటి పనేంది? అందాక ఆమె ఎత్తుకుంటది. అటెనుక పోరిని మనమే ఎత్తుకుంటం గద!"

సోమయ్య తడి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. ఆ వచ్చిన ఆదివారం పెరుగన్నం గిన్నె అతనే పట్టుకుని నడిచాడు.