నలభై ఏడున్నర కిలోలు

పెద్దమ్మకున్న జబ్బు ఒక్కటే. కంటపడిన ప్రతిదాన్నీ ఎత్తి చూడాలి. కుర్చీ కనిపిస్తే మనకు కూర్చోవాలనిపిస్తుంది. ఆవిడ చూపు మాత్రం నేరుగా కుర్చీ కిందికి పోతుంది, ఎక్కడ పట్టుకుంటే లేస్తుందా అని.

యాభై అయిదేళ్ల వరకూ లైబ్రరీలో పుస్తకాలిచ్చుకుంటూ మామూలు మనిషిగానే బతికింది. నెలసరి ఆగిపోయాక నడుం నొప్పని వెళ్తే డాక్టరమ్మ చెప్పింది. "ఈ వయసులో ఎముకలు పలచబడతాయి, కండ తగ్గుతుంది. బరువులెత్తండి. ప్రోటీన్ బాగా తినండి." ఇంకొకరైతే మెట్లు దిగేలోపు మరిచిపోయేవారు. పెద్దమ్మ గది బయటికి రాగానే అక్కడున్న బెంచీ ఒక కొస పట్టుకుని ఎత్తేసింది. దాని మీద కునుకు తీస్తున్న పెద్దమనిషి జర్రున జారి, తన వంతు రాకుండానే డాక్టరమ్మ గుమ్మంలో తేలాడు.

ఇదంతా కళ్లారా చూసింది తోడు వెళ్లిన బుజ్జి, ఆవిడ మరిది కూతురు. ముప్పై దాటినా, కళ్లద్దాల షాపులో పదిమంది కళ్లు పరీక్షించే మనిషైనా, ఇంట్లో మాత్రం బుజ్జే. మూడో అంతస్తులో వాళ్లిద్దరూ, నానమ్మా ఉంటారు. నానమ్మ అంటే పెద్దమ్మకు అత్తగారు.

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రోటీన్ పొడి రాజ్యమేలింది. పాలల్లో పొడి, కాఫీలో పొడి. చుట్టాలొస్తే వాళ్ల టీలోనూ పొడే. వచ్చిన చుట్టాలు మళ్లీ రాలేదు.

"ఇది పొడా, సున్నమా?" అనేది నానమ్మ. "తాగడం దేనికే, గోడలకి వేయించు!"

"గోడలకి కండలెందుకు అత్తయ్యా?" అని పెద్దమ్మ గటగటా తాగేసేది.

జిమ్ములో కోచ్ ఆవిడ వయసు చూసి, కిలో బరువున్న గులాబీరంగు డంబెల్స్ చేతికిచ్చాడు.

"ఇవి చెవులకి పెట్టుకోవాలా?" అంది పెద్దమ్మ.

"పోనీ ఎంత ఎత్తాలనుకుంటున్నారు మేడమ్?"

"నలభై ఆరు కిలోలు."

"యాభై అనుకుందాం, లెక్క చక్కగా ఉంటుంది."

"వద్దు నాయనా, నలభై ఆరు చాలు."

ఆరు నెలలకు ఇసుక బస్తాతో అదీ సాధించింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ మాత్రం, "ఇప్పుడది నలభై ఏడున్నర అయింది. ఇంకో కిలోన్నర వెయ్యి" అంది. కోచ్ నోరు తెరిచాడు.

బస్తా తర్వాత వంతు బుజ్జిది. "మెట్ల మీద ఎత్తడం వేరే, రా" అని వీపు మీద ఎక్కించుకుని దించడం మొదలెట్టింది. రెండో అంతస్తావిడ తలుపు తీసి కంగారుపడింది.

"అయ్యో, కాలు విరిగిందా?"

"లేదండీ, పోయింది పరువే" అంది బుజ్జి మొహం దాచుకుని.

నానమ్మ సంగతి వేరు. మోకాళ్లు మొరాయించి ఏడాది పైగా కిందికి దిగలేదు. లిఫ్టు లేదు. కుర్చీలో కూర్చోబెట్టి దించుతామని ఎవరన్నా ఒప్పుకోదు. "నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది. అందాకా నన్నెవరూ మొయ్యక్కర్లేదు." ఎదురింట్లో కింది భాగంలో ఆవిడ నలభై ఏళ్ల నేస్తం ఉంది. వీధి వార్తలన్నీ ముందు ఆవిడకే తెలుస్తాయి కాబట్టి అందరూ రేడియో అమ్మమ్మ అంటారు. ఆవిడ మోకాళ్లదీ అదే కథ. ఈవిడ బాల్కనీలోంచీ, ఆవిడ కిటికీలోంచీ సైగలు. ఒకసారి ఆవిడ పన్ను పీకించుకున్నానని చూపిస్తే, "ఏనుగుని చూసిందిట!" అని నానమ్మ ఇల్లంతా చాటింది.

ఆ రేడియో అమ్మమ్మ ఆదివారం ఇల్లు మారిపోతోందని తెలిసింది. నానమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పొడిని కూడా తిట్టలేదు. బుజ్జికి నిజంగా భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నానమ్మ మంచం ముందు వీపు తిప్పి కూర్చుంది.

"ఎక్కండి అత్తయ్యా."

"నన్నెవరూ మొయ్యక్కర్లేదని చెప్పానా?"

"మొయ్యడం కాదు, ఎత్తడం. ఇన్నాళ్లూ కనిపించినవన్నీ ఎత్తాను. మిగిలింది మీరొక్కరే. నలభై ఏడున్నర కిలోలు!"

"నా బరువు నీకెలా తెలుసే?"

"నెలనెలా నర్సొచ్చి తూచినప్పుడల్లా, కాఫీ ఇచ్చే వంకతో వెనకాల నిలబడింది ఎందుకనుకున్నారు?"

బుజ్జికి అప్పుడు వెలిగింది. నలభై ఆరెందుకో, పైన ఆ కిలోన్నర ఎందుకో, తన పరువు ఎందుకు పోయిందో.

నానమ్మ చెంగు బొడ్లో దోపుకుంది. తర్వాత మెల్లిగా కోడలి మెడ చుట్టూ చేతులు వేసింది. ఉప్పుబస్తా ఆటలా దిగారు. మలుపు మలుపుకీ బుజ్జి వెనకాలే తెచ్చిన కుర్చీ వేసింది. రెండో అంతస్తావిడ మళ్లీ తలుపు తీసి, ఈసారి ఏమీ అడగకుండా దారిచ్చింది. నానమ్మ చిన్నపిల్లలా నవ్వుతూనే, "నెమ్మదే! మలుపుకోసారి ఆగుతావేం? పొడి తాగలేదా?" అని సాధించింది.

వీధి దాటాక ముసలమ్మలిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, సామాన్ల బండి వచ్చేదాకా ఏడాది కబుర్లు చెప్పుకున్నారు. ఏనుగు విషయం కూడా తేలిపోయింది. మళ్లీ పైకి ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి మలుపులో కుర్చీ మీద నానమ్మ, మెట్టు మీద పెద్దమ్మ చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు పెద్దమ్మ లేచేసరికి బల్ల మీద పొడి కలిపిన గ్లాసు సిద్ధంగా ఉంది. చెంచా నిలబడేంత చిక్కగా ఉంది.

"ఇంతెందుకు అత్తయ్యా? డాక్టరమ్మ ఒక్క కొలతే చెప్పింది."

నానమ్మ బాల్కనీ వైపు చూస్తూ అంది. "దాని కొత్త ఇల్లు రెండో అంతస్తుట. అక్కడా లిఫ్టు లేదుట."